జీపీఎస్, ఐఎల్ఎస్, వీఓఆర్, రేడియో: కాక్‌పిట్‌లో దేన్ని ఎప్పుడు నమ్మాలి?

"అన్నా, ఇప్పుడంతా జీపీఎస్సే కదా. నేలమీది స్టేషన్‌ని పట్టుకునే ఈ పాత వీఓఆర్ మనకెందుకు?"

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే మబ్బుల్లో సాధనాలు చూసి ఎగిరే అర్హత, మొదలుపెట్టిన ప్రతి కుర్రాడూ రెండో వారంలోనో మూడో వారంలోనో నన్నిలా అడుగుతాడు. నేను టెక్సాస్‌లో ఫ్లయింగ్ నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో గుంటూరు, కరీంనగర్, విశాఖ నుంచి కమర్షియల్ లైసెన్సు కోసం వచ్చినవాళ్లు ఉంటారు. డాలస్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో ఎగిరేవాళ్లూ ఉంటారు. అందరి అనుమానాలూ చివరికి ఒకచోటికే వస్తాయి. ప్యానెల్ మీద దారి చూపించే సాధనాలు ఇన్ని ఉన్నాయి, దేన్ని పట్టుకోవాలి? చేతిలో పట్టుకునే రేడియో ఒకటి కొనాలంటే ఏది కొనాలి?

చాలామంది వీటిని కచ్చితత్వం చూసి పోలుస్తారు. ఏది ఎన్ని అడుగుల ఎత్తు దాకా దింపుతుంది, ఏది ఎంత దూరం పనిచేస్తుంది అని. అవీ చూడాల్సిందే. నేను మాత్రం ముందు వేరే ప్రశ్న అడుగుతాను. ఇది పాడైతే ఆ సంగతి నాకు చెబుతుందా, లేక చెప్పకుండా తప్పు దారి చూపిస్తుందా? మబ్బులో దూరాక కిటికీ బయట తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. ఆగిపోయిన సూదిని చూస్తే మనం ఇంకో దారి వెతుక్కుంటాం. బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తూ తప్పు చూపించే సూది వెంట మాత్రం కొండదాకా పోతాం. కింద రాసిన పోలిక అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఎన్‌డీబీ

అన్నిటికన్నా పాతది ఇదే. నేలమీద ఒక యాంటెన్నా అన్ని దిక్కులకూ ఒకేలా సిగ్నల్ పంపుతుంది, విమానంలోని ఏడీఎఫ్ సూది అది ఎటు ఉందో చూపిస్తుంది. ఇళ్లలో ట్రాన్సిస్టర్ ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. సెట్టును అటూ ఇటూ తిప్పుతుంటే ఒక దిక్కున విజయవాడ కేంద్రం ఖంగున వినిపించేది, ఇంకో దిక్కుకు తిప్పితే సన్నబడేది. ఏడీఎఫ్ చేసే పని అదే. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ పెడితే సూది ఆ ట్రాన్స్‌మిటర్ వైపే తిరుగుతుంది కూడా.

దీని జబ్బు కూడా ఆ ట్రాన్సిస్టర్ జబ్బే. వానాకాలం సాయంత్రం మెరుపు మెరిసినప్పుడల్లా రేడియోలో గరగరమనేది గదా. ఏడీఎఫ్‌కి ఆ మెరుపు కూడా ఒక స్టేషన్‌లాగే కనిపిస్తుంది. ఉరుముల మబ్బు పక్కనుంచి పోతుంటే సూది స్టేషన్‌ని వదిలేసి మబ్బు వైపు తిరుగుతుంది. మనం ఎటు పోకూడదో సరిగ్గా అటే చూపిస్తుంది. పైగా స్టేషన్ ఆగిపోయినా హెచ్చరికగా ఫ్లాగ్ పడదు, అందుకే దాని గుర్తు చెప్పే మోర్స్ కోడ్ చెవిలో మోగుతూనే ఉండాలి. కొత్త శిక్షణ విమానాల్లో ఏడీఎఫ్ దాదాపు కనపడదు. మీ విమానంలో ఉంటే ఒక మధ్యాహ్నం కూర్చుని నేర్చుకోండి, మీ ప్రయాణానికి మాత్రం దాన్ని ఆధారం చేసుకోకండి.

వీఓఆర్, దానికి తోడు డీఎంఈ

వీఓఆర్ 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. స్టేషన్ నుంచి చక్రంలో ఆకుల్లాగా 360 దారులు బయటికి పోతాయనుకోండి. మనం ఏ దారి మీద ఉన్నామో అది చెబుతుంది. మెరుపులు దీన్ని పెద్దగా కదిలించలేవు. సిగ్నల్ పోతే ఫ్లాగ్ పడుతుంది లేదా తెర మీద సూది మాయమవుతుంది. నా ప్రశ్నకు వీఓఆర్ నిజాయతీగా జవాబు చెబుతుంది, అందుకే నాకు దానిమీద అంత గౌరవం.

దీని హద్దులూ తెలుసుకోవాలి. సిగ్నల్ తిన్నగా పోతుంది, కొండల వెనక్కి వంగదు. ఎంత దూరం అందుతుందో ఉజ్జాయింపుగా లెక్కగట్టాలంటే అడుగుల్లో మన ఎత్తుకు వర్గమూలం తీసి 1.23తో గుణించండి. 3,000 అడుగుల్లో ఉంటే దాదాపు 67 నాటికల్ మైళ్లు. దూరం పెరిగేకొద్దీ చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. 60 మైళ్ల దూరంలో 1 డిగ్రీ తేడా అంటే ఒక మైలు పక్కకు పోయినట్టే. ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయిట్‌కి 30 రోజుల్లోపు వీఓఆర్ చెక్ చేసి ఉండాలని అమెరికా నిబంధన. నేలమీద చెక్ చేస్తే 4 డిగ్రీలు, గాల్లో చేస్తే 6 డిగ్రీల దాకా తేడాను ఒప్పుకుంటారు. అంటే స్టేషన్‌కి దూరంగా ఉన్నప్పుడు సూది మధ్యలో ఉన్నా, మనం కొన్ని మైళ్లు పక్కన ఉండొచ్చు. స్టేషన్ నెత్తిమీదికి వచ్చినప్పుడు కాసేపు సూది అటూ ఇటూ ఊగులాడుతుంది. అది మామూలే, దాని వెంటపడి విమానాన్ని తిప్పకండి.

డీఎంఈ దూరం చెబుతుంది, కానీ ఏటవాలు దూరం. 6,000 అడుగుల ఎత్తున సరిగ్గా స్టేషన్ మీద ఉన్నా అది 1 మైలు చూపిస్తుంది. తెలిసి వాడితే ఇబ్బంది లేదు.

వీఓఆర్ పెట్టగానే చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని మాత్రం నేను ఎవ్వరికీ వదిలిపెట్టను. ఐడెంట్, అంటే స్టేషన్ గుర్తు, వినాలి. డాలస్-ఫోర్ట్‌వర్త్ దగ్గరి మావరిక్ వీఓఆర్ గుర్తు మూడు 'టీ'లు. మోర్స్‌లో డా, డా, డా అని మూడు దీర్ఘాలు విడివిడిగా వినిపిస్తాయి. ఒక్కసారి వింటే మరిచిపోలేరు. స్టేషన్ మరమ్మతులో ఉన్నప్పుడు ఈ గుర్తు తీసేస్తారు, లేదా టెస్ట్ అనే మాటను మోర్స్‌లో పంపుతారు. ఆ సమయంలో సూది కదులుతూనే ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఇప్పుడు తెర మీద ఐడెంట్ అక్షరాలు వాటంతటవే వస్తున్నాయి. అయినా చెవితో వినే అలవాటు పోగొట్టుకోకండి, పది సెకన్ల పని.

ఐఎల్ఎస్

కచ్చితత్వానికి పెట్టింది పేరు. లోకలైజర్ కుడిఎడమలు చూపిస్తుంది, గ్లైడ్‌స్లోప్ పైకిందలు చూపిస్తుంది. మామూలుగా 3 డిగ్రీల వాలు. కేటగిరీ 1లో రన్‌వే కంటే 200 అడుగుల ఎత్తు దాకా మబ్బులోనే దిగొచ్చు. అక్కడికీ ఏమీ కనపడకపోతే పైకి లేచిపోవాలి. కేటగిరీ 2లో ఆ ఎత్తు 100 అడుగులు. అంతకంటే కిందికి దింపేవి కేటగిరీ 3లో ఉన్నాయి, వాటికి విమానానికీ సిబ్బందికీ ప్రత్యేక అర్హత కావాలి. సింగిల్ ఇంజిన్ సెస్నాలో నేర్చుకునే మనకు కేటగిరీ 1 తోనే పని.

వీఓఆర్‌లో సూది మధ్య నుంచి చివరిదాకా పోతే 10 డిగ్రీలు. లోకలైజర్‌లో 2.5 డిగ్రీలే. అంటే నాలుగు రెట్లు సున్నితం. రన్‌వే దగ్గరపడేకొద్దీ ఊపిరి తీసుకున్నా సూది కదిలినట్టనిపిస్తుంది.

ఐఎల్ఎస్ పాడైతే చెబుతుందా? దాదాపు ఎప్పుడూ చెబుతుంది. నేలమీద మానిటర్లు ఉంటాయి, తేడా వస్తే సిగ్నల్ ఆపేస్తాయి, ఫ్లాగ్ పడుతుంది. ఆ 'దాదాపు' దగ్గర కాస్త ఆగాలి. 2000 జూలైలో సమోవాలోని ఫలేయోలో విమానాశ్రయానికి రాత్రిపూట ఒక ఎయిర్ న్యూజిలాండ్ బోయింగ్ 767 దిగుతోంది. గ్లైడ్‌స్లోప్ సూది సరిగ్గా మధ్యలో ఉంది. ఫ్లాగ్ లేదు, హెచ్చరిక లేదు. నిజానికి నేలమీది గ్లైడ్‌స్లోప్ పరికరం సరైన సిగ్నల్ ఇవ్వడం లేదు, తప్పు పట్టుకోవాల్సిన కాపలాను అప్పుడు పక్కన పెట్టేసి ఉన్నారు. సూది చెప్పినట్టే దిగుతూ విమానం రన్‌వేకి ఐదున్నర మైళ్ల ముందే నేలకు 400 అడుగుల లోపుకు వచ్చేసింది. డీఎంఈ దూరానికీ ఎత్తుకూ పొంతన లేదని, దీపాలు ఉండాల్సిన చోట లేవని సిబ్బంది గమనించి పైకి లేపారు. అందరూ బతికారు.

ఇందులో మనకు పనికొచ్చే లెక్క చాలా చిన్నది. 3 డిగ్రీల వాలులో ప్రతి మైలుకూ దాదాపు 300 అడుగులు. 5 మైళ్ల దూరంలో ఉంటే రన్‌వే కంటే 1,500 అడుగుల పైచిలుకు ఎత్తులో ఉండాలి. సూది ఎంత చక్కగా మధ్యలో ఉన్నా, ఈ లెక్క ఒకసారి నోటితో చెప్పుకోండి. గ్లైడ్‌స్లోప్‌ని ఎప్పుడూ కిందినుంచే అందుకోండి. పైన ఇంకా నిటారుగా ఉండే దొంగ వాలులు ఉంటాయి.

నా సొంత తప్పు కూడా చెప్పాలి. నేను ఈ రేటింగ్ నేర్చుకునే రోజుల్లో, బయట కనపడకుండా తలకు హుడ్ పెట్టుకుని ఐఎల్ఎస్ చేస్తున్నాను. ఫ్రీక్వెన్సీ పెట్టాను, ఐడెంట్ విన్నాను, సూది మధ్యలో కుదురుగా నిలబడింది. ఇంత బాగా ఎప్పుడూ చేయలేదని లోపల సంతోషపడుతున్నాను. గ్లైడ్‌స్లోప్ మాత్రం ఎంతకీ రావడం లేదు. పక్కనున్న మా ఇన్‌స్ట్రక్టర్ నెమ్మదిగా అడిగారు, "ఆ సూది ఏ రంగులో ఉంది?" అని. మెజెంటా. గ్లాస్ కాక్‌పిట్‌లో మెజెంటా అంటే జీపీఎస్, ఆకుపచ్చ అంటే నేలమీది రేడియో. అంటే నేను ఫ్రీక్వెన్సీ అయితే పెట్టాను గానీ, సూదికి ఆ సిగ్నల్ ఇచ్చే బటన్ నొక్కలేదు. అంతసేపూ జీపీఎస్ గీత మీద పోతూ ఐఎల్ఎస్ చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు నా విద్యార్థులు ఫైనల్‌కి, అంటే రన్‌వేకి తిన్నగా పోయే ఆఖరి దారికి, తిరగ్గానే "ఆకుపచ్చ" అని పైకి చెప్పాలి. చెప్పకపోతే నేను ముందుకు పోనివ్వను.

జీపీఎస్: వాస్, గగన్, ఎల్‌పీవీ

జీపీఎస్ సౌకర్యం గురించి వేరే చెప్పక్కర్లేదు. విమానయానంలో దాన్ని నమ్మదగినదిగా చేసింది దాని పైన కట్టిన కాపలా వ్యవస్థ. అమెరికాలో దాని పేరు వాస్, 2003 జూలై 10 నుంచి వాడుకలో ఉంది. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ అలాంటిదే. నేలమీది స్టేషన్లు జీపీఎస్ సిగ్నల్‌ని నిరంతరం తూకం వేసి, తప్పుంటే దిద్దుబాటునో హెచ్చరికనో భూస్థిర ఉపగ్రహం ద్వారా విమానానికి పంపిస్తాయి. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం గగన్‌తో ఎల్‌పీవీ పద్ధతిలో దిగింది.

ఎల్‌పీవీ అంటే ఐఎల్ఎస్ లాంటి దారే, రన్‌వే దగ్గర పరికరాలు లేకుండా. అన్నీ కుదిరితే 200 అడుగుల దాకా దింపుతుంది. చిన్న చిన్న ఊళ్ల రన్‌వేలకు ఇది వరం. ఐఎల్ఎస్ పెట్టి దాన్ని ఏళ్లతరబడి పోషించే స్తోమత లేని విమానాశ్రయాలకు కూడా ఇప్పుడు వాలు చూపించే దారి దొరికింది. ఐఎల్ఎస్ సిగ్నల్‌కి యాంటెన్నా ముందు విమానమో వాహనమో అడ్డొస్తే సూది ఊగుతుంది, ఎల్‌పీవీకి ఆ బెడద లేదు.

అయితే తెర మీద ఉన్న అక్షరాలు చదవాలి. ఎల్‌పీవీ అని ఉన్నది ఒక్కోసారి ఎల్‌నావ్‌కి పడిపోతుంది. అప్పుడు వాలు పోయి కుడిఎడమలు మాత్రమే మిగులుతాయి, దిగగలిగే కనీస ఎత్తు కూడా పెరుగుతుంది. యంత్రం ఈ సంగతి దాచిపెట్టదు, చెబుతుంది. కానీ చిన్న అక్షరాల్లో చెబుతుంది.

జామింగ్, స్పూఫింగ్ రెండూ వేరు. జామింగ్ అంటే సిగ్నల్‌ని ముంచెత్తడం. అప్పుడు జీపీఎస్ పోయిందని తెలుస్తుంది. 2022 అక్టోబరు 17న మా డాలస్-ఫోర్ట్‌వర్త్ చుట్టూ జీపీఎస్ దెబ్బతింది, మర్నాటికి గానీ కుదురుకోలేదు. విమానాల దారులు మార్చాల్సి వచ్చింది. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి సైన్యం పరీక్షలు చేసే రోజుల్లో నోటామ్‌లు, అంటే పైలట్లకు ముందస్తు హెచ్చరికలు, వస్తూనే ఉంటాయి. స్పూఫింగ్ దీనికంటే ప్రమాదం. దొంగ సిగ్నల్ పంపి, మీరు లేనిచోట ఉన్నారని యంత్రాన్ని నమ్మిస్తారు. సూది కదులుతుంది, మ్యాప్ మీద విమానం బొమ్మ కనిపిస్తుంది, ఫ్లాగ్ పడకపోవచ్చు.

2025 నవంబరులో ఢిల్లీ దగ్గర జరిగింది ఇదే. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు డిసెంబరు 1న రాజ్యసభకు ఇచ్చిన రాతపూర్వక జవాబులో ఆ సంగతి ఒప్పుకున్నారు. రన్‌వే 10కి జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న కొన్ని విమానాలకు స్పూఫింగ్ ఎదురైందని, మామూలు నేలమీది సాధనాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది కలగలేదని చెప్పారు. ఇలాంటి సమయాల కోసమే నేలమీది సాధనాల కనీస వ్యవస్థను మన దేశం కాపాడుకుంటోందని కూడా ఆ జవాబులో ఉంది. అమెరికా కూడా చాలా వీఓఆర్‌లు తీసేస్తూనే, జీపీఎస్ పోయిన విమానానికి 100 మైళ్ల లోపు వీఓఆర్‌తోనో ఐఎల్ఎస్‌తోనో దిగగల విమానాశ్రయం ఒకటి ఉండేలా మిగతావాటిని నిలబెడుతోంది. మొదట్లో కుర్రాడు అడిగిన ప్రశ్నకు నేను చూపించే జవాబు ఇదే.

మరి ఎప్పుడు ఏది?

ఆకాశం తేటగా ఉన్న రోజు పక్క ఊరికి పోతుంటే జీపీఎస్ గీత పట్టుకుని పోండి. కానీ రెండో రేడియోలో దారిలోని వీఓఆర్ పెట్టి, పది నిమిషాలకోసారి రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడండి. అలవాటు పడటానికి అలాంటి రోజే మంచిది.

మబ్బు 300 అడుగుల్లో ఉంటే ఐఎల్ఎస్ గానీ, అంత కిందికి దింపే ఎల్‌పీవీ గానీ కావాలి. ఎల్‌నావ్ ఆ రోజు పనికిరాదు. ఐఎల్ఎస్, ఎల్‌పీవీ రెండూ ఉన్న రన్‌వే అయితే ఏది? మామూలు రోజుల్లో చిన్న విమానాశ్రయంలో నేను ఎల్‌పీవీ తీసుకుంటాను. సూది నిలకడగా ఉంటుంది, బటన్ మార్చడం మరిచిపోయే ప్రమాదమూ తక్కువ. జీపీఎస్ పరీక్షల నోటామ్ ఉన్నా, ఆ ప్రాంతంలో ఎవరైనా జీపీఎస్ తేడాగా ఉందని రేడియోలో చెబుతుంటే విన్నా, ఇంకేమీ ఆలోచించకుండా ఐఎల్ఎస్ అడుగుతాను. భారత్‌లో సరిహద్దు దగ్గరి విమానాశ్రయాలకు ఎగిరేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం.

మబ్బు 800 అడుగుల్లో ఉండి, ఒక రన్‌వేకి వీఓఆర్ పద్ధతి, ఇంకో రన్‌వేకి ఎల్‌పీవీ ఉంటే, గాలి కాస్త పక్కనుంచి వీస్తున్నా ఎల్‌పీవీనే ఎంచుకోండి. వాలు చూపించే దారి ఉండగా మెట్లు మెట్లుగా దిగే దారి పట్టాల్సిన అవసరం లేదు. ఆ పక్కగాలి మీకూ మీ విమానానికీ హద్దులో ఉంటేనే సుమా.

ఏది ఎంచుకున్నా, దాన్ని సరిచూసేది వేరే జాతిది కావాలి. జీపీఎస్‌ని ఐప్యాడ్‌లోని జీపీఎస్‌తో సరిచూసుకుంటే సరిచూసినట్టు కాదు. రెండూ ఒకే ఆకాశాన్ని వింటున్నాయి.

ఒక అంకె తేడా

సాధనాలకూ రేడియోకూ సంబంధం ఎంత దగ్గరిదో 2022 మే 23న పారిస్ చార్లెస్ డి గాల్‌లో జరిగింది చూస్తే తెలుస్తుంది. ఒక ఎయిర్‌బస్ ఏ320 విమానం వానలో ఉపగ్రహ పద్ధతిలో దిగుతోంది. అందులో వాలు లెక్క, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే ఆల్టిమీటర్ మీద ఆధారపడింది. గాలి ఒత్తిడి 1001 అని చెప్పాల్సిన కంట్రోలర్ 1011 అన్నారు. సిబ్బంది అదే తిరిగి చెప్పారు, అదే పెట్టుకున్నారు. 10 యూనిట్ల తేడాకు దాదాపు 280 అడుగులు కిందికి వచ్చేశారు. సూది మధ్యలోనే ఉంది. రన్‌వే ఇంకా మైలుకు కొంచెం తక్కువ దూరం ఉండగా విమానం నేలకు 6 అడుగుల దాకా దిగి, పైకి లేచింది. ఐఎల్ఎస్ వాలు గానీ ఎల్‌పీవీ వాలు గానీ అయితే ఆల్టిమీటర్‌తో కదలదు. ఈ పద్ధతి కదులుతుంది. అందుకే ఒత్తిడి అంకెను ఏటిస్‌లో, అంటే విమానాశ్రయం వాతావరణం చెప్పే రికార్డు ప్రసారంలో, విన్నదానితో, కంట్రోలర్ చెప్పినదానితో కలిపి చూసుకోవాలి. తేడా ఉంటే మొహమాటం లేకుండా మళ్లీ అడగాలి.

మాటా, మెసేజా?

విమానాల వీహెచ్‌ఎఫ్ రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా, ఇప్పటికీ పాత ఏఎం పద్ధతిలోనే నడుస్తుంది. ఎఫ్ఎం అయితే గొంతు ఎంత స్పష్టంగా ఉంటుంది, ఎందుకు మార్చలేదు అని అడుగుతారు. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ ఒక్కటే వినిపిస్తుంది, రెండోవాడు మాట్లాడాడన్న సంగతే తెలియదు. ఏఎంలో ఇద్దరూ కలిస్తే కీచుమని మోత వస్తుంది. మాట అర్థం కాకపోయినా, ఎవరో మాట్లాడారని తెలుస్తుంది. పాడైతే చెప్పే గుణం ఇక్కడా ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో ఆ కీచుమోత వచ్చింది. రన్‌వే మీద ఇంకా మేమున్నామని పాన్ ఆమ్ సిబ్బంది చెప్పిన మాట కేఎల్ఎం కాక్‌పిట్‌లో ఆ మోతలో కలిసిపోయింది. రెండు విమానాలూ ఢీకొని 583 మంది పోయారు. అందుకే మోత వినిపిస్తే "మళ్లీ చెప్పండి" అని అడగడం మీ హక్కు, మీ బాధ్యత.

సీపీడీఎల్‌సీ అని టెక్స్ట్ మెసేజ్ పద్ధతి ఉంది. సముద్రం మీద, చాలా ఎత్తున పోయే పెద్ద విమానాలకు అది హాయి, యాస గొడవ లేదు, అంకె తప్పు వినబడదు. హెచ్ఎఫ్ అనే షార్ట్‌వేవ్ రేడియో దూరం పోతుంది, కానీ గురగుర ఎక్కువ. విమానాశ్రయం దగ్గర మాత్రం క్షణాల్లో జవాబు కావాలి, అక్కడ గొంతే దిక్కు.

టవర్ ఉన్న చోట నేర్చుకోవడమా, టవర్ లేని చోటా అని శిక్షణకు వచ్చేవాళ్లు అడుగుతారు. మొదటి ఇరవై గంటలు టవర్ ఉన్నచోట అయితే మంచిదని నా అభిప్రాయం. మన కుర్రాళ్లకు టెన్షన్ ఎగరడం కంటే మైక్ నొక్కడం దగ్గరే ఎక్కువ. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా టెక్సాస్ కంట్రోలర్ వేగానికి బిగుసుకుపోతారు. రోజూ మాట్లాడితే అది పోతుంది. "స్టూడెంట్ పైలట్" అని ముందే చెబితే కంట్రోలర్లు నిదానంగా మాట్లాడతారు. ఆ తర్వాత టవర్ లేని చోటికి పోండి. అక్కడ 122.8 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల నాలుగైదు విమానాశ్రయాలు పంచుకుంటాయి. కాబట్టి ప్రతి కాల్ మొదట్లో, చివర్లో ఊరి పేరు చెప్పాలి. లేకపోతే పక్క జిల్లాలో దిగుతున్నవాడు మీ రన్‌వేలో ఉన్నాడనుకుంటారు.

అర్థం కాకపోయినా "రోజర్" అనేసే అలవాటు మనవాళ్లలో ఉంది. పెద్దవాళ్లను రెండోసారి అడగడం మర్యాద కాదనే పెంపకం నుంచి వచ్చిందేమో. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. 15,000 అడుగుల్లో ఉండాల్సిన విమానం 14,000కి దిగింది. విన్న అంకెను తిరిగి చెప్పడం, చెప్పిన అంకె దగ్గరే నిలబడటం, ఈ రెంటికీ ప్రాణాలంత విలువ.

చేతి రేడియో: ఏది కొనాలి?

ఒకసారి సంధ్యవేళ నా విమానంలో ఆల్టర్నేటర్ పోయింది. ముందు ప్యానెల్ దీపాలు మసకబారాయి, తర్వాత రేడియోలో నా గొంతు నాకే వినపడలేదు. నా దగ్గర చేతి రేడియో ఉంది. వెనక బ్యాగులో. కిందామీదా పడి తీశాను, ఆన్ చేశాను, ఇంజిన్ హోరులో దాని బుల్లి స్పీకర్ నుంచి ఒక్క ముక్క వినపడలేదు. హెడ్‌సెట్ తగిలించే అడాప్టర్ ఇంట్లో ఉంది. చివరికి టవర్ చూపించిన నిలకడైన ఆకుపచ్చ దీపం చూసి దిగాను. నేను రేడియో సిఫారసు చేసేటప్పుడు ముందు అడాప్టర్ గురించి మాట్లాడేది అందుకే.

స్పోర్టీస్ పీజే2 మాట్లాడటానికి మాత్రమే, నావిగేషన్ ఉండదు. కానీ మామూలు హెడ్‌సెట్ ప్లగ్గులు నేరుగా అందులో గుచ్చొచ్చు, అడాప్టర్ గొడవ లేదు. ఏఏ బ్యాటరీలతో కూడా పనిచేస్తుంది. విద్యార్థికి నేను చెప్పేది ఇదే. ఐకామ్ ఐసీ-ఏ25ఎన్‌లో వీఓఆర్, జీపీఎస్ ఉన్నాయి. వీఓఆర్ సూది చేతిలో ఉండటం బాగుంటుంది గానీ, మబ్బులో ఒక చేత్తో విమానం నడుపుతూ ఆ చిన్న తెర చూడటం మాటలు కాదు. యాసు ఎఫ్‌టీఏ-850ఎల్ ఇంకో మెట్టు పైకి పోయి ఐఎల్ఎస్ లోకలైజర్, గ్లైడ్‌స్లోప్ కూడా చూపిస్తుంది. తరచూ మబ్బుల్లో ఎగిరేవాళ్లు, సొంత విమానం ఉన్నవాళ్లు దీనికి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. ఇంకా లైసెన్సు రాని విద్యార్థి ఆ తేడా డబ్బుతో మరో గంట ఎగరడం మంచిది.

ఏది కొన్నా, దాని పవర్ విమానం రేడియో కంటే చాలా తక్కువ. రబ్బరు యాంటెన్నా రేకు కాక్‌పిట్ లోపల ఇంకా బలహీనపడుతుంది. దాన్ని కిటికీ వైపు పట్టుకోండి. సొంత విమానం అయితే బయటి యాంటెన్నాకు తగిలించే ఏర్పాటు చేయించుకోండి. బ్యాగులో కాదు, సీటు పక్కన చేతికి అందేచోట ఉంచండి. నెలకోసారి నిజంగా ఎగురుతూ దాంతో ఒక కాల్ చేసి చూడండి.

అమెరికాలో దేశం లోపల ఎగిరేటప్పుడు విమానంలో దీన్ని వాడటానికి విడిగా లైసెన్సు అక్కర్లేదు. నేలమీద కూర్చుని దీంతో ట్రాన్స్‌మిట్ చేయడం వేరే సంగతి, అది చేయకండి. శిక్షణ ముగించుకుని ఇండియాకి పోయేవాళ్లు మాత్రం దీన్ని సూట్‌కేసులో వేసుకునే ముందు ఆగాలి. అక్కడ ట్రాన్స్‌మిటర్‌కి ప్రభుత్వ అనుమతి కావాలి. మీకు ఆర్‌టీఆర్, అంటే రేడియో వాడే అర్హత, కూడా కావాలి. అది ఇన్నాళ్లూ టెలికాం శాఖ చేతిలో ఉండేది, భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త విమానయాన చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చి ఆ బాధ్యతను విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి మార్చింది. పరీక్షకు కూర్చునే ముందు డీజీసీఏ తాజా ప్రకటన చూసుకోండి, సీనియర్ల పాత నోట్సులోని దరఖాస్తు పద్ధతి ఇప్పుడు పనికిరాకపోవచ్చు. అమెరికాలో పాదరసం అంగుళాల్లో 29.92 అని వినడానికి అలవాటుపడ్డ చెవి, అక్కడ 1013 అని హెక్టోపాస్కల్స్‌లో వినాలి. ఆ అంకెల మీద ఓ వారం కూర్చోండి.